చంద్రగిరి కోట, కాలువ గట్టు: క్యాంపర్ వ్యాన్ల బృందం ఒక సాయంత్రాన్ని ఏర్పాటు చేసుకునే విధానం

పడుకోవడానికి, వండుకోవడానికి లోపలే వీలున్న క్యాంపర్ వ్యాన్లలో తిరిగే నాలుగైదు కుటుంబాలు తిరుపతి పరిసరాల్లో ఒక సాయంత్రం కలిసి గడపాలనుకున్నప్పుడు, సాధారణంగా ముందు భోజనం గురించి, తర్వాత చూడవలసిన చోటు గురించి, చిట్టచివర బండ్లు నిలిపే స్థలం గురించి ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగేయాలి. బండ్లు ఎక్కడ నిలుస్తాయో తేలితే మిగిలిన ఏర్పాట్లన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి. అది తేలకపోతే ఎంత మంచి కోట అయినా, ఎంత చల్లని కాలువ గట్టు అయినా, చీకట్లో బండ్లను వెనక్కి తిప్పుకునే శ్రమగానే మిగులుతుంది.

చంద్రగిరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. తిరుపతి నుంచి సుమారు 12 నుంచి 15 కిలోమీటర్ల దూరంలో, చిత్తూరు వెళ్లే దారిలో, విజయనగర రాజుల కాలపు కోట ఉంది. దాని చుట్టూ పొలాలు, మామిడి తోటలు, చెరువులు, వాటి కింద పారే పంట కాలువలు ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇవన్నీ ఒకేచోట దొరకడం అరుదు. అయితే ఇది శేషాచలం అడవి అంచు కూడా. అందువల్ల మైదాన ప్రాంతంలో చెల్లిపోయే అలవాట్లు కొన్ని ఇక్కడ చెల్లవు.

మొదటి అడుగు: రోజును ఎంచుకోవడం

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అన్ని విధాలా అనుకూలంగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు ఈ ప్రాంతాన్ని తడుపుతాయి. అవి వెనక్కి తగ్గాక చెరువుల్లో నీళ్లు ఉంటాయి, కాలువలు పారుతాయి, నేల మాత్రం గట్టిపడుతుంది. నవంబరులో రావడం మంచిది కాదు. 2021 నవంబరులో స్వర్ణముఖి నది పొంగి వంతెనలు దెబ్బతిన్న సంగతి, రాయలచెరువు కట్టకు లీకేజీ పడి దిగువ గ్రామాలను ఖాళీ చేయించిన సంగతి ఈ ప్రాంతంవారెవరూ మరచిపోలేదు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకగా కనిపించే నది, కొండల్లో వాన పడితే కొన్ని గంటల్లోనే రూపం మార్చుకుంటుంది. కాబట్టి ఏ నెలలోనైనా సరే, నది ఇసుకలో బండ్లు నిలపకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఇనుప పైకప్పు ఉన్న వ్యాను ఆ వేడిని రాత్రి చాలాసేపటి వరకు వదలదు. జూన్‌లో మామిడి కాయల కోత సాగుతుంది కనుక దామలచెరువు మార్కెట్టు వైపు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. తోటలో స్థలం ఇవ్వడానికి రైతుకు తీరిక కూడా ఉండదు.

వారంలో శుక్రవారాన్ని వదిలేయాలి. కోటలోని రాజమహల్‌లో భారత పురావస్తు శాఖ నడిపే మ్యూజియానికి ఆ రోజు సెలవు. సంక్రాంతి రోజుల్లో, ముఖ్యంగా కనుమ నాడు, చంద్రగిరి మండలంలోని ఎ. రంగంపేటలో పశువుల పండగ జరుగుతుంది. జల్లికట్టు చూడడానికి వచ్చే జనంతో ఆ చుట్టుపక్కల దారులు నిండిపోతాయి. ఆ పండగను చూడాలనుకునేవారు ద్విచక్ర వాహనాల మీదో, నడిచో వెళ్లడం మేలు. క్యాంపర్ వ్యానుకు ఆ రోజు అక్కడ పని లేదు. తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో తిరుపతి చుట్టూ రద్దీ ఎలా ఉంటుందో ప్రత్యేకంగా చెప్పనక్కర లేదు.

రెండో అడుగు: బండ్లు నిలిపే స్థలం

ఈ అడుగుకు మిగిలినవాటన్నిటి కంటే ఎక్కువ సమయం కేటాయించాలి. వీలైతే ఒకరిద్దరు కారులోనో, స్కూటరు మీదో ముందుగా వచ్చి పగటిపూట చూసి వెళ్లాలి.

ముందుగా తోసిపుచ్చవలసిన చోట్లు నాలుగు. మొదటిది కోట ఆవరణ. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద 1959లో వచ్చిన నియమాలు, రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా వంట చేయడాన్ని, అందుకు కేటాయించని చోట భోజనం చేయడాన్ని, జంతువులను తీసుకురావడాన్ని, వాహనం నిలిపేందుకు కేటాయించిన స్థలం దాటి బండి తీసుకెళ్లడాన్ని నిషేధిస్తున్నాయి. అందువల్ల కోటలో దుప్పటి పరచి పులిహోర పొట్లం విప్పడం కూడా తప్పే. రెండోది అడవి అంచు. శేషాచలం ఎర్రచందనం పుట్టిల్లు. దొంగరవాణాను అడ్డుకునే పోలీసు, అటవీ బృందాలు రాత్రివేళ నిరంతరం తిరుగుతుంటాయి. అడవి దారి పక్కన చీకట్లో నాలుగు మూసిన వ్యాన్లు వరుసగా నిలిచి ఉంటే వారు ఆపి సోదా చేయకుండా వెళ్లరు, వెళ్లకూడదు కూడా. రిజర్వు అటవీ భూమిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టడం ఎటూ నేరమే. మూడోది జాతీయ రహదారి పక్కనున్న ఖాళీ స్థలం. వేగంగా వచ్చే లారీలకు నిలిచి ఉన్న బండి ఆలస్యంగా కనిపిస్తుంది. నాలుగోది కాలువ గట్టు. దాని మీద బండి ఎందుకు నిలపకూడదో కాలువ దగ్గర చెబుతాను.

మిగిలేది సొంతదారు అనుమతితో దొరికే పట్టా భూమి, లేదా ప్రహరీ ఉన్న హోటలు, కల్యాణ మండపం వంటి చోటు. కల్యాణ మండపాలను చాలామంది తలచుకోరు గానీ, ముహూర్తాలు లేని రోజుల్లో అవి క్యాంపర్ వ్యాన్లకు చక్కగా పనికివస్తాయి: విశాలమైన సిమెంటు ఆవరణ, కుళాయి, మరుగుదొడ్డి, కాపలాదారు, కరెంటు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. తోటలోనే ఉండాలన్న కోరిక ఉంటే రైతును ముందుగా కలవాలి. మాట సూటిగా ఉండాలి. "అన్నా, మేము నాలుగు బండ్లవాళ్లం, ఆడవాళ్లు పిల్లలు ఉన్నారు. ఈ రాత్రికి మీ కళ్లంలో నిలుపుకొని పొద్దున్నే పోతాం. పొయ్యి బండిలోనే పెట్టుకుంటాం, చెట్ల కింద మంట వెయ్యం" అని ఏం చేస్తారో, ఏం చేయరో రెండూ చెబితే రైతుకు సందేహం ఉండదు. ఎంత ఇవ్వాలో అప్పుడే అడిగి ఇచ్చేయడం మర్యాద. ఆయన వద్దన్నా, పిల్లలకని చెప్పి ఏదో ఒకటి చేతిలో పెట్టి రావాలి.

నేలను చూసేటప్పుడు కళ్లం దొరికితే మరొకటి వెతకనక్కర లేదు. పంట నూర్చడానికి అలికి, తొక్కి గట్టిపరచిన నేల కనుక చక్రం దిగబడదు. కోత అయిపోయిన వరి మడి మాత్రం మోసం చేస్తుంది. పైన పెచ్చులు కట్టి గట్టిగా కనిపించినా లోపల తేమ ఉంటుంది. మూడు టన్నుల బండి ఎక్కితే వెనుక చక్రాలు కూరుకుపోయి, ట్రాక్టరును పిలవవలసి వస్తుంది. లోపలికి వెళ్లే దారిలో వేలాడే కరెంటు తీగలు, చింతకొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసుకోవాలి. రైలుకట్ట కింది దారుల దగ్గర ఎత్తును తెలిపే ఇనుప కమ్మీ ఉంటుంది. పైకప్పు మీద సోలార్ పలకలు, ఏసీ పెట్టె బిగించాక మీ బండి మొత్తం ఎత్తు ఎంతయిందో టేపుతో కొలిచి, ఆ అంకెను స్టీరింగు పక్కన రాసి పెట్టుకోవాలి. తయారీ సంస్థ కాగితంలో ఉన్న ఎత్తు మీ బండి ఇప్పటి ఎత్తు కాదు.

స్థలం ఖాయమయ్యాక, ఎన్ని బండ్లు, ఎవరి భూమి, ఎప్పటిదాకా అన్న వివరాలను చంద్రగిరి పోలీసు స్టేషనులో ముందుగా తెలియజేయడం మంచిది. రాత్రి గస్తీవారు వచ్చినప్పుడు ఆ ఒక్క మాట పని చేస్తుంది.

మూడో అడుగు: బండి లోపలి లెక్కలు

సొంత అవసరానికి వాడే క్యాంపర్ వ్యాన్‌ను కేంద్ర ప్రభుత్వం 2004 నవంబరు 5 నాటి ప్రకటనలో రవాణాయేతర వాహనాల జాబితాలో చేర్చింది. అద్దెకు తిప్పే బండి అయితే పర్మిట్టు వేరు. ఇలాంటి బండ్ల (మోటార్ కారవాన్ల) తయారీకి ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. సరుకు బండిలో సొంతంగా మంచాలు, పొయ్యి బిగించి, రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పు చేయించకుండా తిరిగేవారు ప్రమాదం జరిగిన రోజున బీమా విషయంలో చిక్కుల్లో పడతారు. బయలుదేరే ముందు బృందంలోని ప్రతి బండి పత్రాలను ఒకసారి చూసుకోవడం నాయకుడి బాధ్యత.

విద్యుత్తు లెక్క అందరూ వేసుకోవాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,200 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ రకమైతే అందులో సగం, అంటే 600 మాత్రమే వాడుకోవాలి. అంతకు మించి దింపితే బ్యాటరీ ఆయువు తగ్గుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే 960 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. 25 వాట్ల ఫ్యాన్లు రెండు 8 గంటలు తిరిగితే 400, దీపాలన్నీ కలిపి 20 వాట్లతో 5 గంటలు వెలిగితే 100, నాలుగు ఫోన్ల ఛార్జింగుకు 60, మొత్తం 560. అంటే లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఆ రాత్రి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ ఎవరైనా 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి మీద 15 నిమిషాలు కాఫీ, ఉప్మా చేస్తే 500 అక్కడికక్కడే కరిగిపోయి, తెల్లవారుజామున ఫ్యాన్లు ఆగిపోతాయి. కరెంటు ఇచ్చే చోటు లేనప్పుడు ఏసీ ఊసు ఎత్తకపోవడమే మంచిది. జనరేటరు తెచ్చుకోవద్దని నా గట్టి సలహా. దాని శబ్దం ఊరికి బాధ. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు, పక్క బండి కిటికీలోంచి లోపలికి చేరితే నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అదే కారణం వల్ల బొగ్గుల కుంపటిని చలి కాచుకోవడానికి వ్యాను లోపల ఎన్నడూ పెట్టకూడదు.

వంట గ్యాసుకు 5 కిలోల చిన్న సిలిండరు చాలు. ఇంటి వాడకానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండరును బయట తిప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు, అంత బరువు బండిలో అవసరమూ లేదు. ఈ గ్యాసు గాలికంటే బరువైనది. కారితే పైకి పోకుండా నేలమట్టాన, మంచం కింద, సామాను పెట్టెల్లో పేరుకుంటుంది. కాబట్టి సిలిండరు ఉంచిన అరకు అడుగుభాగాన, బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. రబ్బరు గొట్టం అయిదేళ్లకు మించి పాతబడకుండా చూసుకోవాలి. బండి కదిలేముందు రెగ్యులేటరు కట్టేసిందా లేదా అన్నది డ్రైవరు కాక మరొకరు చూసి చెప్పాలి.

నీళ్ల విషయం త్వరగా చెప్పవచ్చు. తాగడానికి మనిషికి 3 లేక 4 లీటర్లు, గిన్నెలు, చేతులు కడగడానికి కలిపి మొత్తం మీద మనిషికి 15 లీటర్లు ఒక రాత్రికి సరిపోతాయి. వాడిన నీళ్లను పట్టే తొట్టి కూడా అదే కొలతలో ఉండాలి.

నాలుగో అడుగు: బయలుదేరడం, చేరడం

నాలుగు బండ్లు ఒకదాని వెనుక ఒకటి అంటిపెట్టుకుని పోవడం అందంగా కనిపించవచ్చు కానీ, మధ్యలో దూరలేక వెనుకనున్న బస్సులు, ఆటోలు చిరాకుపడతాయి. ముందు నడిచే బండికీ చివరి బండికీ దారి బాగా తెలిసిన డ్రైవర్లు ఉంటే చాలు. మధ్యవి తమ వేగాన తాము రావచ్చు. మలుపు తిరిగే ప్రతిచోటా ముందుబండి ఆగవలసిన పని లేదు, వాట్సాప్‌లో కదిలే స్థానం అందరికీ కనిపిస్తుంది. నాలుగు దీపాలూ టపటపా వెలిగిస్తూ నడపడం ఇక్కడ చాలామందికి అలవాటు. అవి ఆగిన బండికి గుర్తు. కదిలే బండి వాటిని వేస్తే, పక్కకు తిరిగే సంకేతం వెనుకవారికి కనిపించదు.

తిరుపతి నుంచి మధ్యాహ్నం 2 గంటలకు బయలుదేరితే సరిపోతుంది. దారిలో శ్రీనివాస మంగాపురం వస్తుంది. కల్యాణ వేంకటేశ్వర స్వామి దర్శనం చేసుకోదలచినవారు ఉదయమే చేసుకుని రావడం మంచిది, లేకుంటే సాయంత్రపు లెక్క తప్పుతుంది. శ్రీవారి మెట్టుకు వెళ్లే భక్తుల వాహనాలు కూడా అటే మలుపు తిరుగుతాయి. మదనపల్లె వైపు నుంచి వచ్చే బృందాలు భాకరాపేట ఘాటును పగటిపూటే దాటేయాలి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బృందం బస్సు లోయలో పడి పలువురు ప్రాణాలు కోల్పోయిన దారి అది.

ముందు నేరుగా నిలిపే స్థలానికే వెళ్లాలి. బండ్లను వెనక్కి తిప్పి, ముక్కు దారివైపు ఉండేలా నిలపాలి. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తిప్పుకునే పని లేకుండా వెళ్లిపోవచ్చు. చక్రాల కింద చెక్కముక్కలు పెట్టి బండిని సమతలం చేసుకోవాలి, లేకుంటే మంచం మీద తలలోకి నెత్తురు దిగినట్లయి నిద్ర పట్టదు. బండికీ బండికీ మధ్య తలుపు తెరిచి మనిషి నడవగలిగేంత, నిప్పు ఒకదాని నుంచి మరొకదానికి పాకనంత ఎడం ఉంచాలి. నాలుగు మీటర్లకు తగ్గకపోవడం మేలు. ఇవన్నీ అయ్యాక, ఒకే ఒక బండిలోనో, ఊరి ఆటోల్లోనో కోటకు వెళ్లాలి. చంద్రగిరి ఊరి వీధులు ఇరుకు. అన్ని వ్యాన్లనూ కోట ముందుకు తీసుకెళ్లి చూపించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అయిదో అడుగు: వెలుతురు ఉండగా నీటి దగ్గర, వెలుతురు పోయాక రాతి దగ్గర

సాయంత్రపు వరుస మొత్తం ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. మామూలుగా బృందాలు కోటను తీరిగ్గా చూసి, ఎండ తగ్గాక చల్లగా ఉంటుందని చీకటివేళ కాలువ గట్టుకు చేరుతాయి. పాములూ జారుడూ అప్పుడే మొదలవుతాయి. కాబట్టి మధ్యాహ్నం 3 గంటలకు మ్యూజియం, 4:30కి కాలువ, చీకటిపడే వేళకు మళ్లీ కోట ఊరు అన్న వరుస పాటించాలి. తిరుపతిలో సూర్యాస్తమయం డిసెంబరు మధ్యలో సుమారు 5:45కి, జనవరి మధ్యలో 6 గంటల ప్రాంతంలో, జూన్‌లో 6:35 దాటాక అవుతుంది. చుట్టూ కొండలు ఉండడం వల్ల ఎండ అంతకుముందే వెళ్లిపోతుంది. అస్తమయం తర్వాత సంధ్య వెలుగు మన ప్రాంతంలో అరగంట కూడా నిలవదు.

కోటలో చూడవలసింది ముఖ్యంగా రాజమహల్. మూడంతస్తుల ఈ భవనాన్ని రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. అంతస్తుల కప్పులు దూలాల మీద కాక కమానుల మీద, వంపు తిరిగిన కట్టుబడి మీద నిలిచాయి. హంపీలో రాజుల నివాసాల్లో రాతి పీఠాలు మాత్రమే మిగిలి, చెక్కతో కట్టిన పైభాగాలు కాలిపోయి, చీకిపోయి అదృశ్యమైన సంగతి తెలిసినవారికి, ఇక్కడ గోడలు, గదులు, పైనున్న శిఖరాలు నిలిచి ఉండడం ఎంత అరుదో అర్థమవుతుంది. విజయనగర రాజుల మహలు ఎలా ఉండేదో గది గదిగా తిరిగి చూడగలిగే చోట్లు చాలా తక్కువ. పక్కనే రాణీమహల్ ఉంది. కొంచెం అవతల శిథిలమైన గుడులు ఉన్నాయి. పిల్లలు వాటి గోడలెక్కకుండా చూసుకోవాలి.

బృందానికి చరిత్ర చెప్పేవారు పది నిమిషాలకు మించి తీసుకోకుండా, ఈ నాలుగు మాటలు చెబితే చాలు. కోట పుట్టుక యాదవరాయల కాలానికి చెందినదని చెబుతారు. విజయనగర చరిత్రలోకి ఇది గట్టిగా వచ్చింది సాళువ నరసింహుడితో. సింహాసనం ఎక్కక ముందు ఆయనకు ఇదే బలమైన స్థావరం. శ్రీకృష్ణదేవరాయల కాలంలో ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయలను ఈ కోటలోనే నిర్బంధంలో ఉంచారు. 1529లో ఆయన ఇక్కడి నుంచే రాజ్యానికి వచ్చాడు. 1565 తల్లికోట యుద్ధం తర్వాత పెనుకొండకు తరలిన రాజధానిని రెండో వేంకటపతి రాయలు చంద్రగిరికి తెచ్చాడు. జెసూట్ మతగురువులు ఆయన కొలువుకు వచ్చి వెళ్లారు. 1639లో మద్రాసు తీరాన ఇంగ్లీషు కంపెనీకి స్థలం దక్కిందీ ఈ వంశపు ఏలుబడి చివరి దశలోనే. 1646లో కోట గోల్కొండ వశమైంది, 1782లో హైదర్ అలీ చేతికి చిక్కింది. ఇంత పెద్ద కథలోనూ పిల్లలను పట్టి నిలిపేది అచ్యుతరాయల ముక్కే. రాజు కాబోయే మనిషిని అన్నగారే బంధించి ఉంచిన కోట అనగానే వారు కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెడతారు.

అక్కడి నుంచి కాలువకు. చంద్రగిరి చుట్టుపక్కల కనిపించేవి పెద్ద కాలువలు కావు. చెరువు తూము కింద నుంచి పొలాలకు పారే పంట కాలువలు, వానాకాలంలో వంకల నీటిని చెరువుకు చేర్చే కాలువలు. వీటి గట్టు మీద నడవడం హాయిగా ఉంటుంది, కొంగలు, నీటికోళ్లు కనిపిస్తాయి. గట్టు మట్టిదే గనుక బండి బరువుకు అంచు విరిగి నీటిలోకి జారుతుంది. గట్టు దెబ్బతింటే నష్టపోయేది దాని కింది రైతు. అందుకే దాని మీదికి బండి ఎక్కించకూడదన్నాను. ఆ నీళ్లు ఎవరి మడికి ఏ పూట పారాలో వారిలో వారికి వంతులు ఉంటాయి కనుక, ఫొటో బాగా రావాలని అడ్డుకట్ట మట్టిని కదపడం, రాళ్లు తీసి పక్కన పెట్టడం వంటి పనులు చేయకూడదు. గిన్నెలు తోమిన నీళ్లు, సబ్బు ఆ కాలువలో కలపకూడదు. దిగువన పశువులు తాగుతాయి.

పెద్ద కాలువే చూడాలన్న ఆసక్తి ఉన్నవారు మరుసటి రోజు పగటిపూట శ్రీకాళహస్తి వైపు వెళ్లి కండలేరు–పూండి కాలువను చూడవచ్చు. 1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం చెన్నైకి కృష్ణా నీటిని చేర్చే తెలుగుగంగ పథకంలో ఇది చివరి భాగం. మన రాష్ట్రంలో దీని పొడవు 152 కిలోమీటర్లు. శ్రీశైలం నీళ్లు వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి ఇక్కడికి వస్తాయి. దీన్ని గట్టు మీద నుంచి, అంచుకు దూరంగా నిలబడి మాత్రమే చూడాలి. లైనింగు చేసిన కాలువ పంట కాలువలా ఉండదు. ఏటవాలు కాంక్రీటు మీద నాచు పట్టి ఉంటుంది; ఒకసారి జారితే పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా దొరకదు, ఈత వచ్చినవారు సైతం ఒడ్డు చేరి పైకి ఎక్కలేక అలసిపోతారు. పైకి నిదానంగా కనిపించే నీటి వేగం లోపల చాలా ఎక్కువ. కాళ్లు కడుక్కోవడానికి కూడా దిగవద్దు. ప్రతి బృందం దగ్గర 20 మీటర్ల తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి ఉండాలి. ఎవరైనా పడితే వెనకే దూకకుండా, నీటి వాలుకు ముందుగా పరుగెత్తి, డబ్బాను వారి ముందు పడేలా విసరాలి.

చీకటి పడకముందే అందరూ గట్టు దిగాలి. పొద్దు వాలాక ఎర కోసం రక్తపింజరలు, కట్లపాములు కాలువ గట్ల మీదికి వస్తాయి. టార్చి, మడమ దాటే బూట్లు ఉండాలి. ఒకవేళ కాటు పడితే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలనీయకుండా ఉంచి, 108కి ఫోను చేసి, తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఈ దూరానికి నాటువైద్యుడి కోసం వెతికే వ్యవధి కూడా వృథాయే.

రాత్రివేళ కోట దగ్గర పర్యాటక శాఖ సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఏర్పాటు చేస్తూ వచ్చింది. వాన, మరమ్మతులు, ప్రేక్షకుల సంఖ్యను బట్టి వేళలు మారుతుంటాయి కనుక, మధ్యాహ్నం మ్యూజియానికి వెళ్లినప్పుడే టికెట్ల కౌంటరు దగ్గర ఆ రాత్రి ప్రదర్శన ఉందా, ఏ భాషలో, ఎన్ని గంటలకు అని అడిగి రావాలి. ఉంటే దోమల మందు రాసుకుని, శాలువలు పట్టుకుని వెళ్లాలి. లేకపోతే కొండమీది దుర్గం ఎక్కాలన్న ఉబలాటం ఎవరిలోనైనా పుడుతుంది. అది ఆపవలసిన ఉబలాటం. డ్రోను ఎగరేసే ఆలోచన ఉన్నవారు దాన్ని ఇంట్లోనే వదిలి రావాలి. తిరుమల కొండకు, రేణిగుంట విమానాశ్రయానికి ఇంత దగ్గరలో అది పోలీసు కేసు దాకా పోయే విషయం.

ఆరో అడుగు: భోజనం, నిప్పు, నిద్ర

వ్యానులో వంట అంటే నాలుగు రకాల కూరలు కావు. ఈ సీమ తిండికి తగ్గట్టు, రాగిసంగటి, పప్పు, చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) చాలు. సంగటి ఒకే గిన్నెలో అవుతుంది, కడగడానికి నీళ్లు తక్కువ పడతాయి. నాటుకోడి పులుసు కావాలంటే మధ్యాహ్నమే ఇంట్లో వండి తెచ్చుకోవడం తెలివైన పని. తోటలో కోడి కోయడం, ఈకలు అక్కడ పడేయడం కుక్కలనూ నక్కలనూ పిలిచినట్లే.

ఏనుగులను పిలవకపోవడం అంతకంటే ముఖ్యం. చంద్రగిరి మండలంలో అడవి ఏనుగులు తోటల మీదికి దిగి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఇటీవలి సంవత్సరాల్లోనే జరిగాయి. బెల్లం, అరటిగెల, పనస, మాగిన మామిడి బయట ఉంచకూడదు. మంద తిరుగుతోందని రైతు చెబితే ఆ రాత్రికి తోట ఆలోచన మానుకుని, ఊళ్లోని మండపానికి మారిపోవాలి. దూరంగా ఏనుగు కనిపిస్తే దీపాలు దాని మీద వేయడం, హారను కొట్టడం, వీడియో తీయడానికి దగ్గరికి పోవడం చేయకుండా అందరూ బండ్లెక్కి కూర్చోవాలి; అటవీ సిబ్బందికి కబురు చేయాలి.

చలిమంట వేసుకోవాలంటే రైతు ఒప్పుకున్న చోట, చెట్ల గొడుగుకు బయట, ఇనుప తట్టలో చిన్నదిగా వేసుకోవాలి. పక్కన రెండు బక్కెట్ల నీళ్లు ఉండాలి. కోతల తర్వాతి గడ్డివాము ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. పడుకునేముందు నీళ్లు పోసి, బూడిదను చేతితో తాకి చూసి చల్లారిందని నిశ్చయించుకోవాలి. పాటల పెట్టె రాత్రి 10 గంటలకు ఆపేయాలి. చట్టం చెప్పేదీ అదే వేళ.

పడుకునే ముందు ప్రతి బండి తాళంచెవి దాని స్టీరింగు దగ్గరే ఉండాలి. మద్యం తాగని డ్రైవరు కనీసం ఒకరు బృందంలో ఉండాలి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101, జాతీయ రహదారి మీద సాయానికి 1033 అన్న నాలుగు సంఖ్యలను పిల్లలకు కూడా కనిపించేలా తలుపు లోపలివైపు అతికించాలి.

ఏడో అడుగు: ఉదయం

తెల్లవారగానే చెత్తను రెండు సంచుల్లో వేరుచేసి బండిలోనే పెట్టుకోవాలి. వాడిన నీటి తొట్టిని, మరుగుదొడ్డి పెట్టెను తోటలో గాని కాలువలో గాని ఒంపకూడదు. సెప్టిక్ ట్యాంకు ఉన్న హోటలులోనో, మండపంలోనో అడిగి, లేదా ఇంటికి చేరాక ఖాళీ చేసుకోవాలి. చక్రాల కింది చెక్కలు తీశాక పడిన గుంతలను పారతో పూడ్చాలి. రైతుకు చెప్పి బయలుదేరాలి. ఆయన పొలం మీద ఉంటే పొలం దాకా వెళ్లి చెప్పాలి.

తిరుమల దర్శనం పెట్టుకున్నవారు వ్యాన్లను కొండ మీదికి తీసుకెళ్లాలని చూడవద్దు. అలిపిరి దగ్గర తనిఖీలో పొయ్యి, సిలిండరు, మంచాల కింది సామాను అంతా దింపి చూపించవలసి వస్తుంది, వెనుక వరుస ఆగిపోతుంది. బండ్లను తిరుపతిలో నిలిపి ఆర్టీసీ బస్సు ఎక్కడమే సులువు. పట్నంలోకి 7 గంటలకు ముందే ప్రవేశిస్తే పాఠశాల బస్సుల రద్దీ తప్పుతుంది.